అన్నయ్య సోఫా

ఈ రోజు మా అన్నయ్య దినం. పోయినవాళ్ళ చాప, మంచం, బట్టలు ఊరి దిగువన పారే గెడ్డ ఒడ్డున వదిలేసి, వెనక్కి చూడకుండా రావడం మా ఊరి పద్ధతి. అన్నయ్యకు చాప లేదు. ఆయాసంతో పడుకోలేక ఆఖరి రోజులన్నీ ఓ రెగ్జిన్ సోఫాలో కూర్చునే గడిపాడు. అరకులో ఓ లాడ్జి వాళ్ళు తీసేస్తుంటే ముచ్చటపడి తెచ్చుకున్న సోఫా అది.

దాన్ని నలుగురం మోసుకెళ్ళాం. గెడ్డ దగ్గర చిన్నాన్న ఆగిపోయాడు. పోయినేడు ఎవరికోసమో వదిలిన పరుపు ఇంకా రాళ్ళ మధ్య ఉబ్బిపోయి ఉంది. స్పాంజి ముక్కలు నీళ్ళలో తేలుతున్నాయి.

“సాపయితే వానలకి మట్టిలో కలిసిపోద్ది. ఇదెప్పటికి పోద్దిరా? కిందూరోళ్ళు ఈ నీళ్ళే తాగుతారు,” అన్నాడు.

సరేనని వెనక్కి మోసుకొస్తే వదిన గుమ్మంలో నిలబడింది.

“మీ అన్న కోసం బయటికెళ్ళింది మళ్ళీ లోపలికి రాకూడదు బాబూ. నానేటి సెయ్యను?”

ఇద్దరి మాటా కాదనలేకపోయాను. చెత్త బండి మా కొండ ఎక్కదు. పాత ఇనుము కొనేవాడికి ఫోన్ చేస్తే స్ప్రింగులు చాలు, స్పాంజి వద్దన్నాడు. ఇలాంటివి మీ ఊళ్ళో ఏం చేస్తారో చెప్పండి. తగలబెట్టమని మాత్రం చెప్పకండి, ఆ పొగ పీల్చాల్సింది మా పిల్లలే.

ప్రస్తుతానికి సోఫా దారి పక్కన ఉంది. సాయంత్రం వాన మొదలైంది. అన్నయ్య కూర్చుని కూర్చుని పల్లం పడిన చోట నీళ్ళు నిలిచాయి.

ఇందాక వదిన వెళ్ళి దాని మీద గొడుగు పెట్టి వచ్చింది.