వంగిపోయిన కొవ్వొత్తులు

మొన్న ఆదివారం మా అమ్మాయి వంటింట్లో సువాసన మైనం బిళ్లలు పోసింది. గట్టిపడ్డాక వాటి మీద నూనె చెమట పట్టినట్టు తేలింది. "పాడైపోయాయమ్మా, పారేస్తా" అంది. "ఉండు, అత్తరు ఎంత పోశావో ముందు చెప్పు" అన్నాను. వేడి మైనం వాసన ఇంకా గదిలోనే ఉంది. ఆ వాసనకి పటమటలో మా పిన్ని పక్కింటి రేకుల షెడ్డు, అందులో ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో ఒంగి చూస్తున్న మెహరున్నిసా ఆంటీ గుర్తొచ్చారు.

తొంభైల చివర్లో మాట. పామర్రు నుంచి వచ్చి పిన్ని ఇంట్లో ఉండి డిగ్రీ చదివాను. చివరి ఏడాది కెమిస్ట్రీ తప్పాను. నాన్నకి మొహం చూపించలేక ఊరెళ్లడం మానేశాను. ఆంటీ ఆ షెడ్డులో ఒక్కరే కొవ్వొత్తులు తయారుచేసేవారు. కరెంటు కోతల రోజులు కాబట్టి పనికి కొదవ లేదు. ఒకరోజు ప్రహరీ మీదుగా పిలిచారు. "గోడలు చూస్తూ కూర్చునే బదులు ఇటొచ్చి మైనం చూడమ్మాయ్, సుజాతా."

ఆ మరుసటి ఏప్రిల్‌లో ఒక చర్చి వాళ్లు ఈస్టర్ ఆరాధనకి రెండు వందల పొడుగు కొవ్వొత్తులు అడిగారు. ఎండలకి అచ్చుల్లో మైనం త్వరగా గట్టిపడడం లేదని, అచ్చులు చల్లార్చే తొట్టి నీళ్లలో ఐసు వెయ్యమన్నారు ఆంటీ. వేశాక కొవ్వొత్తులు నిలువునా పగలడం మొదలైంది. మైనం మరీ గట్టిదైపోయిందనుకుని, ఆంటీకి చెప్పకుండా నేనే మెత్తటి రకం కొంత కలిపాను. పగుళ్లు తగ్గాయి. నాకెంత గర్వమో!

సరుకు పంపిన రెండో రోజే చర్చి పెద్ద ఒకాయన అట్టపెట్టెలన్నీ ఆటోలో వెనక్కి తెచ్చారు. "ఒక్కటీ నిలబడట్లేదండీ, వంగిపోయాయి. వేరే చోట చూసుకోమంటారా?"

"తప్పు మాదేనండీ. శనివారానికి సరిచేసి ఇస్తాం" అన్నారు ఆంటీ.

ఆయన వెళ్లాక ఏడుస్తూ చేసింది చెప్పేశాను. ఆంటీ వంగిన కొవ్వొత్తిని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. కోపం లేదు, ఏదో వింత చూస్తున్నట్టున్నారు. "మెత్తది కలిపాక పగుళ్లు పూర్తిగా ఆగాయా?" అని అడిగారు.

"లేదండీ, తగ్గాయంతే."

"అయితే పగులు మైనంది కాదేమో! చూద్దాం పద."

మూడు అచ్చులు పెట్టాం. పాత పాళ్లతో పోసింది ఒకటి ఐసు నీళ్లలో, ఒకటి మామూలు నీళ్లలో. నేను కలిపిన మైనంతో పోసింది మామూలు నీళ్లలో. సాయంత్రానికి ఐసులో పెట్టింది మాత్రమే పగిలింది. మర్నాడు మిగతా రెండూ మేడ మీద ఎండలో నిలబెట్టి పక్కనే కూర్చున్నాం. మధ్యాహ్నానికి నాది మెల్లగా తల వాల్చింది. పాత పాళ్లది నిటారుగా ఉంది.

"ఐసు వెయ్యమన్నది నేను" అన్నారు ఆంటీ. "నా తప్పు మీద నువ్వు ఇంకో తప్పు పోశావ్. ఒకసారికి ఒక్కటే మార్చాలమ్మాయ్. లేకపోతే ఏది ఏం చేసిందో మనకెలా తెలుస్తుంది?"

వంగినవన్నీ కరిగించాం. వాటిలో మెత్తది కలిసిపోయింది కాబట్టి పాత పాళ్లు ఇక సరిపోవు. గట్టిదనానికి కలిపే స్టియరిక్ పొడి గిన్నెడు మైనంలో కొద్దికొద్దిగా వేసి చూశాం. ఎక్కువైతే సుద్దముక్కలా విరిగింది, తక్కువైతే వంగింది. నాలుగోసారికి నిలబడింది. వెలిగించి, వత్తి చివరిదాకా సరిగ్గా కాలుతోందో లేదో చూశాకే మొత్తం పోశాం. శనివారం పొద్దున్నే పెట్టెలు చర్చికి చేరాయి.

తిరిగొస్తూ రిక్షాలో ఉన్నట్టుండి అడిగారు, "కెమిస్ట్రీలో ఏది తప్పావ్?"

"ముప్ఫై రెండు మార్కులే వచ్చాయండీ."

"మార్కులు కాదు. ఏ ప్రశ్న దగ్గర తప్పావ్?"

నాకు తెలియదు. ఎంతమంది ఎన్ని మార్కులని అడిగారో గానీ, ఈ మాట ఎవరూ అడగలేదు. నేనూ ఆ ప్రశ్నపత్రం మళ్లీ తెరవలేదు. ఆ మధ్యాహ్నం నా బట్టల పెట్టె అడుగునుంచి దాన్ని బయటికి తీశాను. ఆంటీకి కెమిస్ట్రీ రాదు. అయినా ఒక్కో ప్రశ్నా చదివించి, "ఇది ఎందుకలా అవుతుంది?" అని నన్ను విసిగించారు. చెప్పలేకపోయిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. సెప్టెంబరులో పాసయ్యాను.

ఆంటీ ఇప్పుడు లేరు. ఇబ్రహీంపట్నం దగ్గర రంగులు తయారుచేసే చోట ల్యాబులో పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లు చెడిపోయిన రంగు డబ్బా పట్టుకుని భయంభయంగా నా బల్ల దగ్గరికి వస్తుంటారు. ముందు కుర్చీ లాగి కూర్చోబెడతాను. తర్వాత మూత తీసి, ఇద్దరం కలిసి లోపలికి చూస్తాం.