అత్త అరచేతిలో కర్పూరం

మా కొండమీద గాలిమర పెట్టబోతున్నారన్న సంగతి నాకు మొదట తెచ్చింది మేకలాయన. తమిళనాడులో నేను కాపురముంటున్న గుడియాత్తం నుంచి బస్సెక్కి, దిగిన తర్వాత ఇంకా కాస్త నడిస్తే, కొండ కింద మా పుట్టినూరు ఉంటుంది. ఆయనదీ ఆ ఊరే. సంతకు మేకలు తోలుకొచ్చిన రోజున మా గడపలో కూర్చుని ఒక చెంబెడు మజ్జిగ తాగి పోవడం ఆయన అలవాటు. ఆ ఊళ్ళో ఎవరు పోయారు, ఎవరికి పెళ్ళి కుదిరింది, ఏ బావి ఎండింది అన్నీ ఆయన నోటి ద్వారానే నాకు చేరేవి. అమ్మానాన్నా పోయిన ఆడదానికి పుట్టినూరి కబురు తెచ్చే మనిషి ఒకరుండడం ఎంత భాగ్యమో చెప్పలేను. ఆయన చల్లగా ఉండాలి.

"అమ్మణ్ణీ, మన కొండకి కాత్తాడి పెడతారంట," అన్నాడు ఆ రోజు.

కాత్తాడి తమిళం మాట. మా ఇళ్ళల్లో ఫ్యానునూ అలాగే అంటాం, గాలిమరనూ అలాగే అంటాం.

"కొండకేమి మామా, ఉక్కపోస్తా ఉండాదా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నవ్వద్దు. పైన ఇనప స్తంభం నాటేసినారు. ముందు గాలి కొలస్తారంట, చాలినంత ఉంటే కాత్తాడి నిలబెడతారంట. ఊరంతా వొద్దంటా ఉండాది. ఇంక మీ యత్తని ఊరికే ఉండనీరు, చూస్తా ఉండు."

"మా అత్తకూ దానికీ ఏమి?"

"అమ్మ వచ్చేది ఆయమ్మ మీదనే గదా," అని చెంబు బోర్లించి లేచాడు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. చిన్న వయసులోనే మొగుడు పోయి, బిడ్డల్లేక, మా ఊరికే తిరిగొచ్చింది. ఏడాది పొడుగునా వేరుశనగ చేలల్లో కూలికి పోయేది. అప్పుడు ఎవరైనా ఆమెను "ఏమ్మే" అనే పిలిచేవాళ్ళు. తమిళం లెక్కన ఆడి నెలలో కొండ కింద గంగమ్మకు పొంగళ్ళు పెట్టే రోజున మాత్రం, పంబ మోగగానే అమ్మ ఆమె మీదికి వచ్చేది. ఆ పూట ఊళ్ళో పెద్దమనుషులు కూడా చేతులు కట్టుకుని ఆమె ముందు నిలబడి "అమ్మా" అనేవాళ్ళు. వచ్చింది అమ్మేనా కాదా అని తేల్చడానికి మా ఊరి ఆచారం ఒకటుంది. అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగిస్తారు. అమ్మ ఉంటే చెయ్యి కాలదు. అత్త చెయ్యి ఎప్పుడూ కాలలేదు. చిన్నప్పుడు నా కాలు సరిగా లేక బడికి పోలేదు. నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించాడు. గుడికి మాత్రం అత్త చంకనెత్తుకుని తీసుకుపోయేది. ఆ చేతిని దగ్గరినుంచి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను: దానిమీద ఏమీ పూసుకునేది కాదు.

మేకలాయన చెప్పిన వారంలోనే నేను ఊరికి వెళ్ళాను. టీ కొట్టు దగ్గర అభ్యంతరాలకు కొదవ లేదు. రెక్కల నీడ చేలమీద పడితే గింజ పట్టదన్నాడు ఒకడు. మబ్బుల్ని చెదరగొట్టేస్తుందన్నాడు ఇంకొకడు. నెమళ్ళు పోతాయి, తేనెపట్లు పోతాయి, గొడ్లు ఈనవు. అందరికన్నా గట్టిగా మాట్లాడేది వేలూరు నుంచి వచ్చి కొండకెదురుగా తోట ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. ఆయన వరండాలోంచి చూస్తే కొండ తప్ప ఇంకేమీ కనబడదు. ఆ చూపు కోసమే అక్కడ కట్టానని అందరికీ చెప్పేవాడు.

ఊరివాళ్ళ అభ్యంతరాలు వినడానికి అధికారి వచ్చి సభ పెడతాడట. ఇంతమంది వద్దంటున్నారు, మరి ఆయన వచ్చినప్పుడు చెబితే సరిపోదా అని అడిగాను. ఊరి తలైవర్, అంటే పంచాయతీ ప్రెసిడెంటు, నన్ను జాలిగా చూశాడు.

"చెప్పేది ఎవరమ్మణ్ణీ? ఒగనికి ఇంటి పట్టా రావల్ల. ఒగనికి బోరుకి కరెంటు కావల్ల. రేపు ఆఫీసులో ఇదే మొహం చూపించల్ల గదా. అమ్మోరికైతే పట్టా వొద్దు, కరెంటు వొద్దు. ఆయమ్మ మీద ఎవురు కేసు పెడతారు?"

అందరూ పకపకా నవ్వారు. తలైవర్ తెలివిని మెచ్చుకుని పెద్దమనిషి ఇంకో టీ చెప్పించాడు.

ఆ సాయంత్రమే వాళ్ళిద్దరూ అత్త ఇంటికి వచ్చారు. పసుపు చీర, పూలు, టెంకాయ పళ్ళెంలో పెట్టి తెచ్చారు. సభ గుడి ముందరే పెట్టిస్తున్నామనీ, పంబ వాయించేవాళ్ళతో మాట్లాడేశామనీ, అధికారి ఎదుట అమ్మ వచ్చి "నా కొండ మీద ఏదీ నిలవనీయను" అంటే చాలుననీ చెప్పారు.

అత్త పళ్ళెం ముట్టుకోలేదు. "నాకూ వొద్దు ఆ కాత్తాడి," అంది. "నా నోటితో నేను చెప్తాను, ఎవురొచ్చినా సరే. ఆయమ్మ నోటితో చెప్పను."

"నీ మాట ఎవురికి కావల్లక్కా?" అన్నాడు తలైవర్, మెత్తగానే. "మేము పిలస్తా ఉండేది నిన్ను గాదు."

"నేను పిలస్తే వచ్చేదానికి ఆయమ్మ నా యింట్లో పనిమనిషా?"

పెద్దమనిషి నవ్వి, తలైవర్ చెవిలో వినబడేటట్టుగానే అన్నాడు: "బెట్టు చేస్తా ఉండాది. పట్టుచీరె అడగతాదేమో, అడిగి చూడు."

సభ రోజు ఊరంతా వచ్చింది. నా కాలి వల్ల నన్ను గుడి అరుగుమీద కూర్చోబెట్టారు. ఆ దయకు నేను వాళ్ళకు రుణపడి ఉన్నాను. అందుకే అంతా నాకు బాగా కనబడింది. తాలూకా ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, గాలిమర పెట్టడానికి ఎవరికైనా అభ్యంతరమా అని తమిళంలో అడిగాడు. ఎవరూ కదలలేదు. మబ్బుల సంగతి చెప్పినవాడు తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. నెమళ్ళ సంగతి చెప్పినవాడు అధికారికి సోడా అందించాడు. పెద్దమనిషి ఫోను పైకెత్తి పట్టుకుని అత్త వైపే తిప్పి ఉంచాడు.

అత్త లేచింది.

"నాకు వొద్దు సామీ," అంది. "పొద్దున లేస్తానే నా కంటికి కనపడేది ఆ కొండే. మొగుడు లేడు, బిడ్డ లేదు, అది ఉండాది. దాని నెత్తిన రెక్కలు గిర్రున తిరగతా ఉంటే నాకు నెమ్మది ఉండదు."

వెనక నుంచి ఎవరో, "ఏమ్మే, కొండని కట్టుకుంటావా ఏమి?" అన్నారు. "దానికీ ముసిలి పెండ్లాం కావల్లనేమో, అడిగి చూడప్పా!" అన్నారు ఇంకొకరు. ఆడవాళ్ళు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అధికారి కూడా చిరునవ్వు నవ్వి, అంతేనా అన్నట్టు తలైవర్ వైపు చూశాడు.

"సార్, అది ఆయమ్మ సొంత మాట. దాన్ని వదిలేయండి. అమ్మ మాట ఇప్పుడు వస్తాది. ఒక్క నిమిషం," అని తలైవర్ చెయ్యి ఊపాడు.

పంబ మోగింది. ఎవరో అత్త నెత్తిన పసుపు నీళ్ళు గుమ్మరించారు. చేతికి వేపమండ ఇచ్చారు. ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ కులవ పెట్టారు. అత్త తడిసిన చీరతో కదలకుండా నిలబడి ఉంది. వాయించేవాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు. చలికి ఆమె పెదవులు వణికాయి, అంతే. తలైవర్ దగ్గరికి పోయి, "ఊగక్కా. ఊగినట్ల ఊగితే సాలు," అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వచ్చేసినాది సార్, గమ్మునుండాది, అంతే," అని గుంపుకు వినబడేలా అరిచి, ఆయన కర్పూరం బిళ్ళ తీశాడు. "చెయ్యి చాపమ్మా!"

చాపింది. ఏటా చాపే చెయ్యే. అక్కడ నిలబడి ఆ మాట వినగానే అలవాటుగా ముందుకు వచ్చేసింది. బిళ్ళ పెట్టి అగ్గిపుల్ల గీశాడు.

దాన్ని విదిలించేయడానికి ఎంతసేపు? కానీ అమ్మ పేరున వెలిగించిన కర్పూరాన్ని నేల పడేయకూడదు. మా ఇంట్లో పసిబిడ్డకైనా తెలిసిన మాట అది. అత్త పడేయలేదు. చెయ్యి చాపి అలాగే ఉంచింది. ముందు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత మోచెయ్యి అదరడం మొదలైంది. రెండో చేత్తో మోచేతిని పట్టుకుంది. పంబ ఆగిపోయింది.

"కాల్తా ఉండాది," అంది అందరికీ వినబడేటట్టు. "నాయనా, కాల్తా ఉండాది. ఆయమ్మ రాలేదు. నేనే ఉండాను."

ఒక్క మనిషి ముందుకు వస్తాడని చూశాను. ఎవరూ రాలేదు. ఒకావిడ గొంతు లేచింది: "అట్లయితే ఇన్నేండ్లూ కాలలేదే? ఏం పూసుకుంటా ఉంటివే చేతికి?" ఆ మాటతో గుంపంతా ఊపిరి పీల్చుకున్నట్టు అయింది. దొంగ పూనకం అని ఒకరు, మనల్ని బాగా ఆడించింది అని ఒకరు. పెద్దమనిషి ఫోను జేబులో పెట్టుకుంటూ "అంతా చెడగొట్టేసినాది" అన్నాడు. అధికారి జీపెక్కాడు. కర్పూరం దానంతట అదే ఆరిపోయేదాకా అత్త చెయ్యి చాపే ఉంచింది.

నేను అరుగు దిగి కుంటుకుంటూ చేరేసరికి నీళ్ళ చెంబుతో వచ్చినవాడు మేకలాయన ఒక్కడే. ఆ చేతులకు నేను రోజూ దండం పెట్టుకుంటాను.

వేలూరు ఆసుపత్రిలో కట్టు కట్టిన నర్సమ్మ మంచి పిల్ల. "ఇదెవరు చేశారు పాట్టీ?" అని సొంత అవ్వను అడిగినట్టు అడిగింది. "ఎవురూ లేదు పాపా. నేనే పట్టుకున్నాను," అంది అత్త. గాయం మానింది కానీ రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. వేరుశనగ పీకే పనికి ఇక ఎవరూ పిలవలేదు. వేళ్ళ వల్ల కాదు, దొంగ అడుగుపెడితే చేను పండదని.

తలైవర్ వచ్చి అమ్మ గజ్జెలు, బెత్తం అడిగాడు. "అక్కా, ఇవి గుడివి గదా," అన్నాడు, చాలా మర్యాదగా. అత్త గజ్జెలు కళ్ళకద్దుకుని ఇచ్చేసింది. తర్వాత ఒక తల్లి వచ్చింది. పూనకంలో అత్త నోట వచ్చిన పేరునే తన కూతురికి పెట్టుకుంది ఆవిడ.

"మా పాపకి ఆ పేరు పెట్టింది ఎవురు? నువ్వా, అమ్మా?" అని గడప బయటే నిలబడి అడిగింది.

"ఆ పొద్దు అమ్మే వచ్చిండె."

"ఓహో. నీకు ఇష్టమైన పొద్దు వస్తాది, ఊరికి కావల్సిన పొద్దు రాదు."

పిల్లకు వేరే పేరు పెట్టారు. ఒకరోజు వీధిలో పోతున్న ఆ పిల్లను అత్త అలవాటు కొద్దీ పాత పేరుతో పిలిచింది. పిల్ల పరుగెత్తుకొచ్చింది. వెనకే తల్లి వచ్చి, అత్త కళ్ళ ముందే పిల్ల చెంప పగలగొట్టింది. "ఆ పేరుకి పలకద్దని చెప్పినానా లేదా?" ఆ రాత్రి అత్త అన్నం ముట్టలేదు. మరుసటి రోజే నేను ఆమెను గుడియాత్తం తెచ్చేసుకున్నాను. నా భర్త ఒక్క మాట అడగకుండా వెనక గది ఖాళీ చేసి ఇచ్చాడు. అలాంటి మనిషిని నాకిచ్చిన దేవుడికి ఏం చెప్పుకోను?

అమ్మ ఆ రోజు రాలేదని నాకు కోపం లేదు. తలైవర్ చెయ్యి ఊపితే వచ్చి, ఫోను ముందర ఊగే తల్లికి నేను దీపం పెట్టలేను. రాకపోవడం కూడా ఆ తల్లి చేసిన పనే అనుకుంటాను. ఆ మంటనైనా కాస్త చల్లార్చి ఉండవచ్చు గదా అని ఒక్కోసారి మనసులో వస్తుంది. వచ్చినప్పుడు లెంపలు వేసుకుంటాను. మళ్ళీ వస్తుంది.

కొన్నాళ్ళకు మేకలాయనే ఆ కబురూ తెచ్చాడు. "స్తంభం పీక్కొని పోయినారమ్మణ్ణీ. కొలిచి చూసినారంట, గాలి చాలదంట. వేరే యాడనో పెట్టుకుంటారంట."

అభ్యంతరం వల్ల కాదు, అమ్మ వల్లా కాదు. ఆ కొండమీద గాలి లేదు, అంతే. ఊళ్ళో మాత్రం పొంగళ్ళు పెట్టారు. ఇప్పుడు అమ్మ వచ్చేది తలైవర్ మరదలి మీద. "నేనే తరిమినాను వాళ్ళని" అని ఆమె ఊగుతూ చెప్పిందట. ఊరంతా కాళ్ళమీద పడిందట. చేతిలో కర్పూరం వెలిగించారా అని అడిగాను.

"లేదు," అన్నాడు మేకలాయన. "ఆ ఆచారం తీసేసినారు. కొండ కింద గాలెక్కువంట. కర్పూరం నిలవదంట."

పెద్దమనిషి తన తోట ఇంట్లో గదులు అద్దెకిస్తున్నాడు. శనాదివారాల్లో బెంగళూరు నుంచి కార్లు వస్తాయట, పొద్దున్నే లేచి కొండను చూడడానికి. మా వెనక గది కిటికీలోంచి పక్కింటి మేడ గోడ కనబడుతుంది. అత్త పొద్దున మొహం కడుక్కుని దాని ముందు కాసేపు కూర్చుంటుంది. ఊరికి పోదామా అని అడిగితే, "ఏంటికి?" అంటుంది.

మా ఊళ్ళో అందరూ తెలుగు మాట్లాడతారు గానీ, బడి తమిళంలోనే కాబట్టి తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. కాబట్టి ఇది వాళ్ళకు చేరదు. మీకు చేరుతుంది. మిమ్మల్ని నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఎప్పుడైనా అటువైపు పోయి, ఏ స్తంభమూ లేని ఆ కొండను చూసి బాగుందనుకున్నప్పుడు, ఒక ముసలావిడను తలుచుకోండి. అంత ఊళ్ళో, వద్దన్న మాటను దేవతకు అప్పజెప్పకుండా తన నోటితో చెప్పింది ఆమె ఒక్కతే.