రమ్మనే వరుస, పొమ్మనే వరుస

ఆ ఉద్యానవనంలో గేటు మొదలుకొని ఫౌంటెన్ వరకు సాగే నడకదారికి ఇరువైపులా పన్నెండేసి చెట్లున్నాయి. వసంతం రాగానే అవి ఆకు కనబడనంత దట్టంగా తెల్లపూలు పూస్తాయి. నిటారైన కాండం మీద కొమ్మలన్నీ కోడిగుడ్డు ఆకారంలో కుదురుకొని ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా వాటికి ఆ రూపాన్ని నిలుపుతున్నవారు ఇద్దరే. లోనికి వచ్చేవారికి ఎడమచేతివైపు వరుస బావది, కుడిచేతివైపుది బావమరిదిది. తోటలో పనిచేసేవారు బావను పెద్దకత్తెర అనీ, బావమరిదిని పుర్రచెయ్యి అనీ పిలిచేవారు. మొదటిది గౌరవం కొద్దీ వచ్చిన పేరు, రెండవది ఉన్నమాట.

ఒకరి వరుసలో మరొకరు కత్తెర పెట్టకపోవడం వారి కట్టుబాటు. దారిలో నిచ్చెన వేసుకొని, ఒకరికొకరు వీపు చూపుతూ, ఉదయం నుండి సాయంత్రం దాకా పనిచేసేవారు. చేతులు ఎంత నిదానమో నోళ్లు అంత చురుకు.

"బావా, నీ మూడో చెట్టుకి బట్టతల వచ్చింది చూసుకున్నావా?"

"నీ తలకంటే నయమేలేరా. నువ్వు ముందు ఆ ఎండుపుల్ల తియ్యి."

పెద్దకత్తెర పద్ధతి మాత్రం తప్పేవాడు కాడు. ముందు ఎండినవి, తరువాత ఒకదానినొకటి ఒరుసుకొనేవి, ఆ తరువాత లోపలికి తిరిగినవి తీసేవాడు. అప్పుడు గాని ఆకారం జోలికి పోయేవాడు కాడు. కోతను బయటికి చూచే మొగ్గకు కాస్త పైన, ఏటవాలుగా పెట్టేవాడు. కింది ఆకులకు వెలుతురు అందేలా అడుగును వెడల్పుగా ఉంచి, పైకి పోయేకొద్దీ సన్నగా దిద్దేవాడు. ఒక్క ఏడాదిలో చెట్టు నుండి నాలుగవ వంతుకు మించి తీసేవాడు కాడు. సందర్శకులు లోనికి వస్తూనే, "ఈ చెట్లు వంగి మరీ స్వాగతం చెబుతున్నట్టున్నాయే!" అని మురిసిపోయేవారు. అలా ఎందుకు కనిపిస్తున్నాయో ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు. పొగడ్తను విప్పి చూసే అలవాటు వారికి లేదు.

ఆ ఏడాది కొత్తగా వచ్చిన పర్యవేక్షకురాలు తోటంతా ఒకసారి తిరిగి, "ఇరవై నాలుగు చెట్లకు ఇద్దరెందుకు? కోతలయ్యాక చూసి, ఒకరిని ఊరి అవతలి నర్సరీకి పంపుదాం" అన్నది. ఆమె తొందరపాటు మనిషి కాదు. లెక్క తప్పని మనిషి. అందువల్లనే పెద్దకత్తెరకు దిగులు పట్టుకుంది. వీపు వెనుక బావమరిది లేని పనిని అతడు ఊహించలేకపోయాడు.

ఇది చాలదన్నట్టు, పూలు రాలే వారంలో పుర్రచెయ్యి ఇంట్లో బీరువా పక్కకు జరపబోయాడు. భార్య సాయం పడతానన్నా వినక, డాబుకు పోయి ఒక్కడే ఎత్తి, ఎడమ మణికట్టు బెణికించుకున్నాడు. నాలుగు వారాలు కదపరాదని డాక్టరు కట్టు కట్టాడు.

చెట్లు నాలుగు వారాలు ఆగవు. ఆ జాతి చెట్లు నిరుడు పెరిగిన రెమ్మల మీదనే పూస్తాయి. పూలు రాలిన మూడు వారాలలోపే కత్తెర పడాలి. ఆ గడువు దాటితే కొత్త రెమ్మలలో వచ్చే ఏటి మొగ్గ మొదలవుతుంది. అప్పుడు కోసిన ప్రతి కొనతోనూ ఒక పూలగుత్తి పోయినట్టే.

రెండు వరుసలూ తానే పూర్తి చేస్తానని పెద్దకత్తెర భోజనాల వేళ ప్రకటించాడు. "వాడు లేని లోటు ఎవరికీ తెలియకూడదు" అన్నాడు.

భార్య గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయింది. "మీకు మతి ఉందాండీ? మీరొక్కరే అంతా చేసి చూపిస్తే, ఇంక మా తమ్ముడెందుకు అనదూ ఆవిడ?"

అతడు ముద్ద కలపడం మానేశాడు. ఆ సంగతి అతనికి తోచలేదు. "నిజమేనే. కానీ వదిలేస్తే వచ్చే ఏడు వాడి వరుసలో పువ్వుండదు. కావాలని పాడుగా కొయ్యడం నా చేత కాదు" అన్నాడు.

పద్దెనిమిది రోజులు పట్టింది. మొదటిసారి దారికి అవతలి వరుసలో నిచ్చెన వేసినప్పుడు, పరాయి ఇంట్లో చెప్పులు విప్పకుండా అడుగుపెట్టినట్టు ముడుచుకుపోయాడు. కానీ తన విద్యలో ఏ లోటూ చేయలేదు.

పని ముగిసిన మరునాడు పర్యవేక్షకురాలు ఇద్దరినీ కార్యాలయం మేడమీదికి పిలిచింది. అక్కడినుండి దారి మొత్తం కనబడుతుంది. పెద్దకత్తెర కిందికి చూడలేక, బావమరిది చేతికట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు. రెండు వరుసలూ బాగున్నాయని ఆమె నోట వస్తే బావమరిది బదిలీ ఖాయం.

"ఏమిటిది?" అన్నది ఆమె. "ఒక వరుస రమ్మంటోంది, ఒక వరుస పొమ్మంటోంది!"

అప్పుడు చూశాడతడు. ఎడమ వరుస ఎప్పటిలాగే గేటు వైపు ఒరిగి ఉంది. కుడి వరుసలోని పన్నెండు చెట్లూ ఫౌంటెన్ వైపు ఒరిగి, వచ్చేవారికి వీపు తిప్పుకొని నిలుచున్నాయి.

పుర్రచెయ్యి పగలబడి నవ్వాడు. "నీ కుడిచెయ్యి ఎప్పుడూ కుడిపక్కే లోతుగా కోస్తుంది బావా! చెట్టేమో రెండోపక్కకు ఒరిగినట్టవుతుంది. నీ వరుసలో నీ కుడిపక్క ఫౌంటెన్ వైపు. నా వరుసకు తిరిగావంటే అది గేటు వైపు. నా ఎడంచెయ్యి అయితే అక్కడ ఫౌంటెన్ వైపే కోసేది. ఇన్నేళ్లూ రెండూ ఒకేవైపు వంగింది అందుకన్నమాట!"

పెద్దకత్తెర ముఖం ఎర్రబడింది. "ఇప్పుడే దిగి రెండోపక్క కూడా కాస్త తీసేస్తాను మేడమ్."

"వద్దు బావోయ్! ఇటు సరిచేస్తే అటు, అటు సరిచేస్తే ఇటు. సాయంత్రానికి గుడ్లు కాస్తా నిమ్మకాయలవుతాయి. ఈ ఏటికి పెట్టిన కోత చాలు. చిగురు దానంతటదే కమ్ముకొస్తుంది. పూతకేం లోటు లేదు, గడువులోనే కోశావుగా. వచ్చే ఏడు నేను దిద్దుకుంటాను."

పర్యవేక్షకురాలు కాసేపు వరుసలను, కాసేపు ఆ నాలుగు చేతులను చూసింది. "అయితే ఈ దారికి ఒక కుడిచెయ్యి, ఒక ఎడమచెయ్యి కావాలి. బదిలీ మాట మరిచిపోండి" అన్నది. ఆపై, "ఆ కట్టు విప్పేదాకా మాత్రం మీరు నిచ్చెన ఎక్కకూడదు. బీరువాలు కూడా ఎత్తకూడదు" అని చేర్చింది.

తన పనిలో తప్పు దొరికినందుకు అంతగా సంతోషించిన మనిషిని ఆ తోట అంతవరకు చూచి ఉండదు. మెట్లు దిగీ దిగగానే పుర్రచెయ్యి తన వరుసలోకి నడిచి, గేటు దగ్గరి చెట్టుతో తనిఖీ ప్రారంభించాడు. "ఇదేంటి బావా, ఇక్కడ కొమ్మ ఉండాలే! ఇది చెట్టా, వీపు గోక్కునే కర్రా?" పెద్దకత్తెర చేతులు వెనక్కి కట్టుకొని, బుద్ధిగా వెంట నడుస్తూ, ప్రతి చెట్టు ముందూ ఆగి చీవాట్లు తిన్నాడు. అయిదవ చెట్టు దగ్గర మాత్రం నవ్వు ఆపుకోలేక మరికొన్ని ఎక్కువ తిన్నాడు.