డైరీలో చదవని వాక్యం

ఫిబ్రవరి 12, బుధవారం. కర్నూలు నుంచి కడపకు. ప్రయాణికులం నేను, నా భార్య సరోజ. బస్సు డ్రైవర్ ఓబులేసు. కడపలో కలవాల్సినవాడు దస్తగిరి.

ఉదయం 6.10కి బస్సు కదిలింది. ఈ దారిన పొద్దున పోయేవాళ్లు కుడివైపు కూర్చోండి, ఎండ పడదు.

"పెండ్లికి పోయినా చావుకు పోయినా డైరీ తోడే మీకు. అంత పాతది ఏంటికి ఇప్పుడు?" అంది సరోజ.

పదవీ విరమణ దాకా ఒక డిపోలో డ్రైవర్లకు డీజిల్ పొదుపు నేర్పేవాణ్ణి. స్టాపు దూరంగా ఉండగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి, బ్రేకు తక్కువ తొక్కాలి, బండి నిలిస్తే ఇంజన్ ఆపాలి. ఓబులేసు ఇవన్నీ పాటిస్తున్నాడు. 7.45కి నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తింటూ అతన్ని మెచ్చుకున్నాను.

"ఎవురు ఎంత డీజిల్ మిగిల్చినారో నెలనెలా బోర్డు మీద వరసగా పేర్లు రాస్తారు సార్. పేరు అడుక్కి పోతే పెండ్లాం గూడా నవ్వుతాది" అన్నాడు.

చేతిలో బజ్జీ పొట్లంలో పెట్టేశాను. మా డిపోలో అలాంటి బోర్డు పెట్టించింది నేనే. అట్టడుగు పేరు ఎర్ర సుద్దతో రాసేవాణ్ణి. వరసగా మూడు నెలలు అది దస్తగిరి పేరే. నాలుగో నెల, డీజిల్ మిగులుతుందని అతను ఘాట్ దిగుతూ గేరు తీసి బండిని న్యూట్రల్‌లో వదిలాడు. వేగం పట్టిన బండి బ్రేకులకు లొంగక కల్వర్టు గోడను గుద్దింది. ప్రయాణికులు గాయాలతో బయటపడ్డారు. అతని కుడికాలు నుజ్జయింది. ఉద్యోగం పోయింది.

విచారణలో నేను డైరీ తెరిచి చదివాను: "వాలులో న్యూట్రల్ వేయరాదని దస్తగిరికి చెప్పితిని." అది నిజమే. దాని కింది వాక్యం మాత్రం చదవలేదు: "ఏం చేస్తావో నాకు తెలీదు, ఈ నెల నీ పేరు పైకి రావాలంటిని."

మైదుకూరు 10.15. కడప 11.20. బస్టాండు పక్క లాడ్జిలో సంచి పెట్టి ఆటోలో దస్తగిరి ఇంటికి వెళ్లాం. గుమ్మం ముందు సైకిల్ ట్యూబుకు పంచర్ వేస్తున్నాడు. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. నేను డైరీ తెరిచి ఆ రెండో వాక్యం చదివాను.

అతను ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూస్తూ అన్నాడు: "ఆ మాట నాకు నోటికొచ్చు సార్. ఆ పొద్దు మీరు చదువుతారని మీ మొగం పక్కే చూస్తా కూచున్యా. మీరు బుక్కు మూసేసినారు."

"తప్పు చేసినానప్పా."

"చదివింటే నన్ను తీసేయకుండా గేటు కాడనో, గ్యారేజీలోనో యాడన్నా పనికి ఏసిండేవాళ్లు. ఇప్పుడు చదివితే ఎవురికి సార్? టీ తాగండి, చల్లారిపోతాది."

డైరీ అక్కడే మరిచానని లాడ్జికి వచ్చాక గానీ తెలియలేదు.

మరుసటి ఉదయం 6.30. కర్నూలు బస్సెక్కి కూర్చున్నాం. కర్ర ఊతంతో దస్తగిరి వచ్చి కిటికీలోంచి డైరీ అందించాడు. "ఇది మీ కాడనే ఉండల్ల సార్."

తర్వాత ముందుకు నడిచి, ఇంజన్ ఆపకుండా ఫోన్లో మాట్లాడుతున్న డ్రైవర్ దగ్గర ఆగాడు. "ఏమప్పా, ఇంజన్ ఆపు. బండి కదిలేకి ఇంకా పది నిమిషాలుండాది. ఊరికే డీజిల్ కాలుతాండాది."

"నీకేంటికి పెద్దాయనా?"

"నేనూ డ్రైవర్నే."

ఇంజన్ ఆగింది. బస్సంతా నిశ్శబ్దమైంది. అతని కర్ర చప్పుడు బస్టాండు గేటు దాకా నాకు వినిపిస్తూనే ఉంది.