నల్లరంగు నింపిన మూడు గుర్తులు

1999 జూన్‌లో నన్ను రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి, పిల్లల మానసిక వైద్య విభాగానికి వేశారు. ఊళ్ళో ఇల్లు కుదరకముందే ఒక పరిశోధన పని నా నెత్తిన పడింది. ఏడీహెచ్‌డీ అన్న మాట అప్పటికి మన వైపు స్కూళ్ళకి తెలీదు. కాలు ఒకచోట నిలవని పిల్ల, చెప్పేది చెవికెక్కని పిల్లాడు, తన వంతు వచ్చేదాకా ఆగలేనివాడు, వీళ్ళందర్నీ మేష్టార్లు ‘తోక లేని కోతులు’ అని సరిపెట్టేవారు. వాళ్ళలో కొందరిది అల్లరి కాదు, మెదడు ఎదిగే తీరులోనే తేడా ఉందని వైద్యం అంటోంది. అది కుటుంబాల్లో దిగుతుందనీ, మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిచేసే తీరుకి సంబంధించిన జన్యువులు కొంత కారణం కావచ్చనీ అప్పుడప్పుడే చదువుతున్నాం. ఒక పెద్ద నగరంలోని ప్రయోగశాల ఆ జన్యువుల వేటలో ఉంది. అలాంటి కుటుంబాల్ని వెతికి, ఒప్పించి, పరీక్షించి, రక్తం పంపడం నా వంతు.

పద్ధతి ఇలా ఉండేది. ముందు తల్లిదండ్రులతో, స్కూలు టీచరుతో ప్రశ్నావళి. తర్వాత వంశవృక్షం గీయాలి. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి వృత్తం, ఆ లక్షణాలున్నవాళ్ళ గుర్తులో నల్లరంగు నింపాలి. ఆపైన ఈఈజీ, అంటే తలకి తీగలు అంటించి మెదడులోని విద్యుత్ తరంగాల్ని కాగితం మీద గీయించే పరీక్ష. చివరికి బిడ్డ, తల్లి, తండ్రి ముగ్గురి రక్తం ఐసు డబ్బాలో రైలెక్కేది. బిడ్డకి జన్యువు ఎవరి వైపు నుంచి వచ్చిందో చూడాలంటే ముగ్గురిదీ ఉండాల్సిందే.

ఆ వర్షాకాలం పెద్దాపురం నుంచి ఒక కుటుంబం వచ్చింది. సుబ్బారావుగారికి అక్కడ మందుల షాపు. తాతల నాటి వ్యాపారం, మర్యాదస్తుడు. భార్య లలిత ఆయనకి మేనమామ కూతురే. వాళ్ళ పిల్ల హారికకి తొమ్మిదేళ్ళు. నా గదిలోకి వచ్చిన కాసేపటికే ఫ్యాను స్విచ్చి, నా స్టెతస్కోపు, కిటికీ గడియ అన్నీ దాని చేతిలో పడ్డాయి. స్కూలువాళ్ళు ఇక మావల్ల కాదు, దసరాలోపు టీసీ పట్టుకెళ్ళమన్నారట. ఊళ్ళో చేర్చుకునే స్కూలు ఇంకోటి లేదు. ఏదో ఒకటి తేల్చండి డాక్టరుగారూ అని లలిత కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

వంశవృక్షం గీస్తుంటే సుబ్బారావుగారు నవ్వుతూ, “నా పోలికేనండి. చిన్నప్పుడు నన్ను స్తంభానికి కట్టేసి అన్నం పెట్టేవారట” అన్నారు. ఆయన చెల్లెలూ అంతేనట, ఎనిమిదో క్లాసులో చదువు మానిపించేశారట. నేను ఒక చతురస్రం, రెండు వృత్తాలు నల్లగా నింపాను. మేనరికం, రెండు తరాలు, ముగ్గురు. ఫోన్లో చెబితే ఆ ప్రయోగశాల ప్రొఫెసరుగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. ఇలాంటి కుటుంబం లాటరీ తగిలినట్టమ్మా, రక్తం వెంటనే పంపించు అన్నారు. రక్తం పంపాక ఆ పిల్లకి ఏడీహెచ్‌డీ మందు మొదలుపెట్టాలన్నది మా ఏర్పాటు.

ఈఈజీ రోజున మామ్మగారు, అంటే సుబ్బారావుగారి తల్లి, కూడా వచ్చారు. తలకి నూనె రాయకుండా తీసుకురండని చిలక్కి చెప్పినట్టు చెప్పాం. పెద్దాసుపత్రికెళ్తున్నాం కదా అని ఆవిడ పిల్లకి మాడు మీద ఇంత నూనె అంటి, రెండు జడలేసి మరీ తెచ్చారు. నూనె తలకి తీగలు అంటుకోవు. నాకు ఒళ్ళు మండింది. కుంకుడుకాయ రసంతో మళ్ళీ తలంటించి, ఆరబెట్టి, పరీక్ష మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం దాటింది.

కాగితం మీద కలాలు గీస్తుంటే నా భృకుటి ముడిపడింది. నుదుటి వైపు తీగల్లో సన్నగా, దట్టంగా, కుట్టుమిషను కుట్టినట్టు తరంగాలు. వీటిని బీటా అంటాం. అవి అంత జోరుగా కనిపిస్తే ముందుగా అడగాల్సింది జబ్బు గురించి కాదు, మందు గురించి. కొన్ని మత్తుమందులు ఒంట్లో ఉంటే మెదడు ఇలాగే గీస్తుంది. సుబ్బారావుగారిని అడిగాను. డాక్టర్లు రాసిన మందేదీ వాడటం లేదండీ అన్నారు. నిద్రకి? లేదండి. దగ్గుకి? లేదండి. ప్రశ్నావళిలోనూ అదే చెప్పారు. ఆ మనిషి అబద్ధమాడే మనిషి కాదు. మిషనులోనే ఏదో తేడా ఉందేమోనని తీగలన్నీ మళ్ళీ సరిచూశాను.

తీగలు విప్పుతుంటే పిల్ల పేచీ మొదలెట్టింది. మామ్మగారు కొంగుముడి విప్పి ఒక తెల్ల బిళ్ళ తీశారు. అరటిపండు ముక్కలో గుచ్చి, మనవరాలి నోట్లో పెట్టారు. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను.

“అదేంటండి మామ్మగారూ?”

“ఏం లేదమ్మా, ఫిట్స్ రాకుండా రోజూ వేసేదే. తలకి కరెంటు పెట్టారు కదా, భయమేసి ఇవాళ ఇంకోటి తెచ్చాను.”

సుబ్బారావుగారిని ఆ బిళ్ళ పేరు చెప్పమన్నాను. ఏ తడబాటూ లేకుండా ఫినోబార్బిటోన్ అన్నారు. ఫిట్స్‌కి వాడే పాత మందు, మత్తు జాతిది. విచిత్రమేమిటంటే పెద్దవాళ్ళని జోకొట్టే ఆ మందు చాలామంది పిల్లల్ని రెచ్చగొడుతుంది. కుదురు పోతుంది, కోపం పెరుగుతుంది, చదివింది తలకెక్కదు. అంటే ఏ లక్షణాల కోసం నేను ఈ కుటుంబాన్ని పట్టుకున్నానో, అవన్నీ ఆ మందే తెచ్చిపెట్టగలదు.

ఎప్పట్నుంచి వేస్తున్నారని అడిగాను. రెండో ఏట జ్వరంలో ఒకసారి ఫిట్స్ వచ్చాయట, అప్పట్నుంచీనట. జ్వరంతో వచ్చే ఆ ఫిట్స్ చూడ్డానికి భయంకరమేగానీ, చాలామంది పిల్లల్లో ఐదారేళ్ళకి వాటంతట అవే పోతాయి. ఇన్నేళ్ళు మందు మింగించాల్సిన పని లేదు. మరి వాడుతున్నామని ఎందుకు చెప్పలేదండీ అని దాదాపు అరిచాను.

ఆయన నా మొహంలోకి అమాయకంగా చూశారు. “డాక్టర్లు రాసింది కాదు కదండీ. మన షాపులోదే. జబ్బుకి వేసేదీ కాదు, జబ్బు రాకుండా వేసేది. మా ఇంట్లో పిల్లలకి నాన్నగారి కాలం నుంచీ అలవాటేనండి. జ్వరం ఫిట్స్ మా అందరికీ వచ్చేవి. నాకూ వేశారు, చెల్లికీ వేశారు.”

వంశవృక్షం గీసిన కాగితం ముందుకి లాక్కున్నాను. నల్లరంగు నింపిన మూడు గుర్తులూ ఆ బిళ్ళ తిన్నవాళ్ళే! మేం జన్యువు అనుకుని సంబరపడింది ఆ ఇంటి షాపులోని సీసా. వాళ్ళ రక్తంలో దిగుతున్నదేదైనా ఉంటే అది జ్వరం ఫిట్స్ గుణం. దాని వెంట ఇంటి ఆచారంలా బిళ్ళ దిగుతోంది.

మీరెప్పుడు మానేశారని అడిగాను. పెళ్ళి కుదిరినప్పుడట, కొత్త పెళ్ళికొడుకు బిళ్ళలు మింగితే అత్తవారు ఏమనుకుంటారోనని. “ఆ తర్వాతే నాకు నెమ్మది వచ్చిందండి. పెళ్ళయితే కుదురొస్తుందంటారు కదండీ” అంటూ నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. ఆయనకీ అప్పుడే వెలిగింది. చెల్లెల్ని దద్దమ్మని తిట్టి బడి మానిపించాం కదండీ అని నెమ్మదిగా అన్నారు.

మామ్మగారు ఏడుస్తూ ఇవాళ్టి నుంచే మానిపించేస్తానన్నారు. వద్దు వద్దన్నాను. ఇన్నేళ్ళు అలవాటైన మందు ఒక్కసారి ఆపితే నిజంగానే ఫిట్స్ ముంచుకొస్తాయి, ప్రాణం మీదకీ రావచ్చు. బిళ్ళని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ నెలల తరబడి లాగాలి. మందు తగ్గిస్తున్నాం, అప్పటిదాకా ఆగమని స్కూలుకి నేనే ఉత్తరం రాశాను. హెడ్మాస్టరుగారు మంచాయన, విద్యాసంవత్సరం ఆఖరిదాకా గడువిచ్చారు. రక్తం తియ్యలేదు, కొత్త మందూ మొదలుపెట్టలేదు.

ప్రొఫెసరుగారికి ఫోన్ చేసి, లాటరీ పోయిందండీ అన్నాను. మిగతా కుటుంబాల్ని కూడా మందుల సంగతి ఇలాగే అడిగావా అన్నారు. అందరినీ మళ్ళీ పిలిపించాను. మందులు వాడుతున్నారా అని అడగడం మానేసి, పిల్లల నోట్లోకి వెళ్ళే ప్రతిదీ సంచీలో వేసుకుని రమ్మన్నాను. బిళ్ళ, సిరప్పు, లేహ్యం, పొడి, ఏదైనా సరే. కొందరి సంచుల్లో పిల్లల్ని నిద్రపుచ్చడానికి రోజూ పట్టే దగ్గు సిరప్పులు బయటపడ్డాయి. ప్రయోగశాల ఆ పద్ధతిని మిగతా ఊళ్ళకీ పంపింది.

ఎండాకాలం వచ్చేసరికి హారికకి బిళ్ళ పూర్తిగా ఆగింది. ఫిట్స్ రాలేదు. పిల్ల వాగుడుకాయే, ఆ వాగుడు పోలేదు. కానీ కూర్చుంటోంది, చెప్పింది వింటోంది, పరీక్ష పేపరు చివరిదాకా రాసింది. టీసీ మాట మళ్ళీ రాలేదు. చివరిసారి చూపించడానికి వచ్చినప్పుడు లలిత ఒక మాటంది. “పిల్ల బాగుందండి. కానీ నాకు కొత్తగా ఉంది. ఇన్నేళ్ళూ అల్లరి చేస్తోందని నేను ఎవర్ని కొట్టానండీ డాక్టరుగారూ?”

ఏడీహెచ్‌డీ కట్టుకథ కాదు, అది కుటుంబాల్లో దిగుతుందన్నదీ నిజమే. ఆ పరిశోధనలో నేను ఆ తర్వాత కూడా పనిచేశాను. కానీ ఒక ఇంట్లో ఒకే రకం పిల్లలు పుడుతున్నారంటే, వాళ్ళ రక్తం ఒకటే కావచ్చు, వాళ్ళకి పెట్టేదీ ఒకటే కావచ్చు. రెండోదాన్ని కనుక్కోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. అది ముందు తేల్చుకోకుండా నేను ఇంకే బిడ్డకీ రక్తం తియ్యలేదు.