పదకొండేళ్ల తాత్కాలిక ఏర్పాటు

ఆసుపత్రిలో అందరూ ఆవిడను దారులక్క అనేవారు. ఉద్యోగం నెట్‌వర్క్ ఇంజనీరు. కింది అంతస్తులో కిటికీ లేని గది ఆవిడది. మిషన్ల కోసం పెట్టిన చలికి ఎండాకాలంలోనూ స్వెటర్ వేసుకునేది. బయట వాన పడుతోందో లేదో తెలియాలంటే లోపలికి వచ్చినవాళ్ల చెప్పులు చూడాల్సిందే.

పదకొండేళ్ల కిందట రోడ్డుకు అటూ ఇటూ ఉన్న రెండు ఆసుపత్రులను కలిపేశారు. సమాచారాన్ని దారి పట్టించే మిషన్లు రౌటర్లు. పాతదాంట్లో అవి ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి ఒకటి, కొత్తదాంట్లో ఇంకొకటి. ఒకదాని మాట ఒకదానికి తెలియదు. ఇటు ల్యాబులో తయారైన రిపోర్టు అటు వార్డులో కనిపించాలంటే, సరిహద్దులో ఉన్న రెండు రౌటర్లు ఇటు దారులు అటూ, అటు దారులు ఇటూ చేరవేయాలి. దాన్నే రీడిస్ట్రిబ్యూషన్ అంటారు. చిక్కల్లా ఒక్కటే. మొదటి రౌటరు అటు చెప్పిన దారినే రెండోది అక్కడ విని, కొత్త కబురనుకుని మళ్లీ ఇటే మోసుకొస్తుంది. అప్పుడు రిపోర్టు వార్డుకు చేరకుండా ఆ రెండింటి మధ్య గానుగెద్దులా తిరుగుతుంది.

ప్రారంభోత్సవానికి తేదీ ముందే వేసేశారు. చేతిలో ఉన్నది వారం. ఏ దారి వెళ్లాలో, ఏది వెళ్లకూడదో దారులక్క ఒక్కొక్కటే చేత్తో జాబితా రాసి గండం గట్టెక్కించింది. తర్వాత తీరిగ్గా సరిచేద్దామనుకుంది. ఆ తీరిక రాలేదు. కొత్త వార్డు తెరిచినప్పుడల్లా జాబితాకు నాలుగు వరసలు తోడయ్యేవి. ఏ వరస ఎందుకుందో ఆవిడకు తప్ప మరొకరికి అంతుపట్టేది కాదు.

రెండేళ్ల కిందట భర్తను నాలుగు గంటల ప్రయాణం దూరంలోని ఊరికి హెడ్మాస్టరుగా వేశారు. కూతురు నాన్నతో వెళ్లి అక్కడే బడిలో చేరింది. ఆ ఊళ్లో ఆసుపత్రికి శాఖ ఉంది. దారులక్క బదిలీ అడిగితే పెద్దసారు కాదనలేదు, పని ఎవరికైనా నేర్పి వెళ్లమన్నాడు. ఒకతనికి నేర్పింది. అతను ఆ విద్యే చూపించి వేరేచోట మంచి ఉద్యోగం కొట్టేశాడు. రెండో అతనూ అంతే. మూడో ఆమె జాబితా ఒకసారి చూసి, వారం తిరక్కుండా వేరే విభాగానికి మార్పించుకుంది.

ఇక మనుషులకు నేర్పి లాభం లేదు, పనినే మార్చాలనుకుంది దారులక్క. దారి సరిహద్దు దాటేటప్పుడే దానికి ఒక గుర్తు నంబరు తగిలించాలి. ఆ నంబరున్నది వెనక్కి రానివ్వొద్దని రెండో రౌటరుకు చెప్పాలి. అంతే, జాబితాలతో పనిలేదు.

ఆదివారం పొద్దున మార్చుకోమని అనుమతి ఇచ్చారు. పాత జాబితాలు తీసేసి ఈ గుర్తు నంబర్ల పద్ధతి ఎక్కించిన రెండు నిమిషాలకే ఫోన్లు మొదలయ్యాయి. స్కానింగ్ ఫొటోలు రావడం లేదు. ల్యాబు ఆయన రిపోర్టులు అచ్చు తీసి, కాగితాలు పట్టుకుని రోడ్డు దాటి వార్డుల వెంట పరుగెత్తుతున్నాడు. పాత జాబితా వెనక్కి పెట్టేస్తే అంతా సర్దుకుంటుంది. కానీ ఇప్పుడు పెడితే ఇంకెప్పటికీ తీయనివ్వరని ఆవిడకు తెలుసు. గడియారం చూసుకుని, పావుగంట దాటితే పెట్టేయాలని గట్టిగా అనుకుంది.

పద్నాలుగో నిమిషంలో కనిపించింది తప్పు. రెండో రౌటరులో ‘అన్నిటినీ రానివ్వు’ అన్న వరస పైన పడింది, ‘ఆ నంబరుదాన్ని ఆపు’ అన్నది కింద. రౌటరు పైనుంచి చదువుకుంటూ వస్తుంది. మొదటి మాటకే తలుపు తీసేస్తే రెండో మాట వినేదెప్పుడు? రెండు వరసలూ తారుమారు చేసింది. పదిహేడో నిమిషానికి ఫోన్లు ఆగాయి. ఎవరికీ ఏ హానీ జరగలేదు.

సోమవారం ఎనిమిది పేజీల నోట్సు పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లింది. ఆయన కాగితాలు తిరగేసి కళ్లజోడు తీశాడు.

“పదిహేడు నిమిషాలు ఆగిపోయిందటగా.”

“నా పొరపాటే సార్. సరిచేశాను. ఇక ఎవరైనా చూసుకోవచ్చు.”

“చూడమ్మా, నువ్వున్నావు కాబట్టి పదిహేడు నిమిషాల్లో తేలింది. ఇంకొకరైతే సాయంత్రమయ్యేది. అలాంటిది నిన్నెలా పంపమంటావు?”

ఆవిడ నోట్సు తీసుకుని కిందికి దిగింది.

మరుసటి నెల కొత్త వార్డు తెరిచారు. ఆ పూట నెట్‌వర్క్ డ్యూటీలో ఉన్నావిడ నోట్సులో అయిదో పేజీ చూసుకుంటూ పది నిమిషాల్లో పని ముగించింది, దారులక్కను ఒక్క మాటా అడగలేదు. ఈ సంగతి చెబుదామని దారులక్క సంబరంగా మేడెక్కింది. పెద్దసారు నవ్వి, వెనక నువ్వున్నావన్న ధైర్యమే ఆమెతో ఆ పని చేయించిందన్నాడు.

ఆ వారమే భర్త ఫోన్ చేశాడు.

“పాపా నేనూ వచ్చేస్తున్నాం. మామూలు టీచరుగా అయితే అక్కడ వేస్తామన్నారు, సరేనన్నాను. నువ్వు రాలేవు కదా.”

“మంచిదండీ,” అంది. ఎగిరి గంతేయాల్సిన మాట అది. కానీ గంతేయలేదు. ఇన్నాళ్లూ ఇరుక్కున్నది తనొక్కతే, ఇక వాళ్లు కూడా.

కొత్త బడి మొదటిరోజున పిల్ల, ఆ ఊళ్లో వదిలొచ్చిన స్నేహితురాలు కావాలని ఏడ్చి గేటు దగ్గరే కూలబడిందట. దారులక్క సెలవడిగితే ఒక్క పూట ఇచ్చారు.