నేను గంట కొట్టిన రోజు

తలుపు తీయగానే ఆ వాసనే ముక్కుకి తగిలింది. చెక్క నేలకి రుద్దే మైనం పాలిష్, వానకి తడిసిన ఉన్ని కోట్లు, వెనకాల ఎక్కడో ఉడుకుతున్న బంగాళాదుంపలు, అన్నీ కలిసిపోయిన ఒక రకం బరువైన వాసన. నేను గడప దగ్గరే ఆగిపోయాను. నా పక్కనే నాన్న మాత్రం గుండెల నిండా గాలి పీల్చుకుని, "ఆహా, ఏమీ మారలేదురా!" అన్నారు. నేను చిన్నప్పుడు హాస్టల్లో ఉండి చదివిన ఈ బడి తన చరిత్రని పుస్తకంగా అచ్చువేసి, ఆవిష్కరణకి పాత విద్యార్థులనీ వాళ్ళ తల్లిదండ్రులనీ పిలిచింది. నాకు రావాలని ఏమాత్రం లేదు. నాన్న రోజూ ఫోన్ చేసి ప్రాణం తోడేస్తే, ఆక్లండ్ నుంచి కారేసుకుని వచ్చి, వాళ్ళుండే పామర్‌స్టన్ నార్త్‌లో ఆయన్నీ అమ్మనీ ఎక్కించుకుని ఇక్కడికి తీసుకొచ్చాను.

బడి పేరు రాయను. రాస్తే అదొక ప్రచారం. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక మతగురువు, ఇంటి మీద బెంగ పట్టలేక, గొర్రెలు మేసే పచ్చిక మధ్య ఓక్ చెట్లు నాటి, అచ్చం తన దేశంలో ఉండే, కలిగినవాళ్ళ పిల్లలు చదివే ప్రెపరేటరీ స్కూల్ లాంటిది ఇక్కడ కట్టించాడట. ఆయన బెంగకి మేము యూనిఫాం తొడుక్కున్నాం. మోకాళ్ళదాకా ఉన్ని సాక్సులు, ముదురాకుపచ్చ కోటు, తల మీద బిళ్ళలాంటి టోపీ. ఊళ్ళో మిగతా పిల్లలు చెప్పుల్లేని కాళ్ళతో బడికెళ్ళి, మూడింటికల్లా ఇంటికొచ్చి, డెయిరీ అనే వీధి మూల కొట్లో ఐస్‌క్రీమ్ కొనుక్కుని రోడ్ల వెంట సైకిళ్ళు తొక్కుతుంటే, మేము సాయంత్రం బడి ప్రార్థనామందిరమైన చాపెల్లో నిలబడి, ఎన్నడూ చూడని దేశపు మంచు గురించి పాటలు పాడేవాళ్ళం. పుస్తకంలో దీన్ని సంప్రదాయం అని రాశారు.

ఇల్లు అరగంట దూరంలో పెట్టుకుని నన్ను తొమ్మిదో ఏట హాస్టల్లో ఎందుకు వేశారని ఇక్కడి వాళ్ళు ఎవరడిగినా చెప్పడం కష్టం. మనవాళ్ళకైతే చెప్పక్కర్లేదు. నాన్న గుంటూరు దగ్గర హాస్టల్లో పెరిగిన మనిషి. ఇనప మంచం, నీళ్ళ పప్పుచారు, తెల్లవారకముందే లేపే వార్డెను, అవే తనని మనిషిని చేశాయని ఆయన గట్టి నమ్మకం. యూనివర్సిటీలో పాల మీద పరిశోధన చేస్తూ ఈ దేశం వచ్చాక, ఇక్కడి బళ్ళలో పిల్లలు నేల మీద పడి దొర్లడం చూసి ఆయన బెంబేలెత్తిపోయారు. "ఇంట్లో ఉంటే గారాబం చేసి చెడగొడతారు, హాస్టల్లో వేస్తేనే బాగుపడతాడు" అన్నారు. అమ్మ ఏడ్చింది. మాతోనే ఉండే అమ్మమ్మ ఒక పూట అన్నం మానేసింది. నాన్న నా ట్రంకుపెట్టె మీద తెల్ల రంగుతో స్వయంగా నా పేరు రాశారు.

చలికాలంలో కూడా ఆరోగ్యమని పడకగది కిటికీలు తెరిచే ఉంచేవాళ్ళు. దక్షిణ ధ్రువం వైపునుంచి వచ్చే గాలి కొండల మీదనుంచి దిగి దుప్పట్లలోకి దూరేది. పొద్దున్నే పచ్చిక మీద మంచు కరకరలాడుతుంటే పొట్టి నిక్కర్లతో బుల్‌రష్ ఆడించేవాళ్ళు, అంటే ఒకడు మధ్యలో నిలబడతాడు, మిగతావాళ్ళందరూ వాణ్ణి తప్పించుకుని అవతలి గట్టుకి పరిగెత్తాలి, దొరికితే మట్టి కరవాలి. మధ్యాహ్నం మటన్ ఉడకబెట్టిన నీళ్ళు, ఆ తర్వాత సగ్గుబియ్యం పాయసం లాంటిదొకటి, ఏలకులు లేవు, జీడిపప్పు లేదు, గోరువెచ్చని జిగురు. అమ్మమ్మ చేసే సగ్గుబియ్యం పాయసం తలుచుకుని మొదటిరోజు ఆశగా చెంచా నోట్లో పెట్టుకున్నాను. ఆ మోసాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

కానీ ఆదివారాలు ఉండేవి. చాపెల్ అయ్యాక తల్లిదండ్రులు రావచ్చు. మన హాస్టళ్ళలో ఆదివారమంటే ఏమిటో అమ్మకీ అమ్మమ్మకీ తెలుసు కనక, ఇక్కడా అదే పద్ధతి అనుకుని, స్టీలు క్యారియర్లలో పులిహోర, కోడివేపుడు, గడ్డపెరుగు, సున్నుండలు మోసుకుని దిగేవాళ్ళు. పచ్చిక మీద దుప్పటి పరిచేవాళ్ళు. అది క్రికెట్ మైదానమని, పెద్ద క్లాసువాళ్ళు తప్ప ఎవరూ కాలు పెట్టకూడదని వాళ్ళకెవరు చెప్పారు? చీర మీద నాన్న పాత స్వెటరు వేసుకుని, మడత కుర్చీలో కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అమ్మమ్మ ముద్దలు కలిపేది. నేను తింటుంటే నా గదిలో కుర్రాళ్ళు, గొర్రెల ఆసాముల కొడుకులు, దూరంగా నిలబడి చూసేవాళ్ళు. "అట్టా నిలబడి చూస్తారేందయ్యా, రండి" అని అమ్మమ్మ చేత్తో పిలిచేది. భాష అక్కర్లేకపోయింది. వాళ్ళు వరసగా కూర్చుని చేతులు చాపితే, ఒక్కో అరచేతిలో ఒక్కో ముద్ద పెడుతూ, "తిను నాయనా, బక్కచిక్కిపోయావు" అనేది, బూరెల్లాంటి బుగ్గలున్న వాళ్ళని కూడా. కారంతో ముక్కులు కారుతున్నా ఒక్కడూ లేచేవాడు కాదు. వచ్చే ఆదివారం అమ్మమ్మ వస్తుందా అని నన్ను వాళ్ళే అడిగేవాళ్ళు. ఆ బడిలో నేను సుఖంగా ఉన్న గంటలు ఏవైనా ఉంటే అవే.

అది కొన్నాళ్ళే. పిల్లల బట్టలూ జ్వరాలూ చూసుకునే పెద్దావిడ ఉండేది, మేట్రన్ అనేవాళ్ళం. ఆవిడ వచ్చి, చాలా మర్యాదగా, ఈ బడిలో పిల్లలకి చేత్తో తినిపించరని చెప్పింది. ఆ తర్వాత మా ఆదివారాలు సందర్శకుల గదిలోకి మారాయి. టీ కప్పు, రెండు బిస్కెట్లు, గోడ మీద చనిపోయిన హెడ్‌మాస్టర్ల బొమ్మలు. అమ్మమ్మ ఆ కప్పుని రెండు చేతుల్తో పట్టుకుని, నన్ను ముట్టుకోవచ్చో లేదో తెలియక, నా టోపీ వైపు చూస్తూ కూర్చునేది. నాన్నకి మాత్రం ఆ గది చాలా నచ్చింది.

ఆఖరి సంవత్సరం చలికాలంలో అమ్మమ్మ రావడం మానేసింది. మోకాళ్ళ నొప్పులన్నారు. తర్వాత అమ్మ కూడా మానేసింది. జలుబన్నారు. నాన్న ఒక్కరే వచ్చి, వసంతంలో రాయబోయే స్కాలర్‌షిప్ పరీక్షకి ఎంతవరకు చదివావని అడిగి వెళ్ళిపోయేవారు. "అమ్మమ్మని చూడాలి నాన్నా, ఒక్కసారి ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాను. "పరీక్ష అవనీ" అన్నారు.

పరీక్షకి ముందు ఫౌండర్స్ డే వచ్చింది. బడి కట్టించిన మతగురువు ఓడలో తెప్పించిన ఇత్తడి గంట ఒకటుండేది. ఏడాదికి ఆ ఒక్క మధ్యాహ్నం దాన్ని ఒక విద్యార్థి చేత కొట్టించేవాళ్ళు. క్రికెట్ కెప్టెన్లకీ, ట్రస్టీల కొడుకులకీ దక్కే గౌరవం అది. ఆ రోజు హెడ్‌మాస్టర్ అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి, నన్ను కొట్టమన్నాడు. మేట్రన్ తన వంతు కేకు ముక్క కూడా నా పళ్ళెంలో పెట్టి, నా జుట్టు సవరించింది. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను. చివరికి నేనూ వీళ్ళలో ఒకణ్ణయ్యాను, ఈ సంగతి అమ్మమ్మకి చెప్పాలి అనుకుంటూ, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తాడు లాగాను.

పరీక్ష అయిన సాయంత్రం నాన్న కారులో ఇంటికి తీసుకెళ్ళారు. ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే అడిగి, జవాబులు విని, తృప్తిగా తల ఊపి, మలుపు తిరుగుతూ చెప్పారు.

"అమ్మమ్మ పోయిందిరా. నీ చదువు పాడవుతుందని చెప్పలేదు."

దినకర్మలు కూడా అయిపోయాయి. ఇంట్లో ఆవిడ మంచం లేదు, చీరలు లేవు, కిటికీలో మందుసీసాలు లేవు. నేను అరిచాను, తన్నాను, గోడకేసి తల కొట్టుకున్నాను. నాన్నకి నిజంగానే ఆశ్చర్యం వేసింది. "మా తాత పోతే నాకు పబ్లిక్ పరీక్షలయ్యాకే చెప్పారు. నేనేమైనా చచ్చానా?" అన్నారు. సోమవారం బడికి తిరిగి వెళ్తే మేట్రన్ నన్ను దగ్గరికి తీసుకుని, ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుని ఉండటం ఎంత కష్టమైందో చెప్పి కళ్ళు తుడుచుకుంది. దహనం జరిగింది ఫౌండర్స్ డే మధ్యాహ్నమేనని అప్పుడు తెలిసింది. నాన్న ముందే ఫోన్ చేసి చెప్పారట. గంటా, కేకూ, జుట్టు సవరించడమూ, అన్నీ జాలి. బడి మొత్తానికి తెలుసు. అరగంట దూరంలో అమ్మమ్మని కాలుస్తున్నారని తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

స్కాలర్‌షిప్ వచ్చిందండీ. ఆ మాట చెప్పకపోతే నాన్న బాధపడతారు.

ఇప్పుడు బడిలో హాస్టల్ లేదు. మా పడకగది కంప్యూటర్ల గది అయింది. సందర్శకుల గదిలో కాఫీ మిషను పెట్టారు. మైదానం చివర ఓక్ చెట్లు కొట్టేసి కార్లు నిలుపుతున్నారు. మేట్రన్ పోయింది, ఆవిడ గురించి పుస్తకంలో రెండు పేజీలు ఉన్నాయి. మా అమ్మమ్మ చేతి ముద్ద తిన్నవాళ్ళు ఇద్దరు హాల్లో కనిపించారు, బట్టతలలతో. వాళ్ళకి గుర్తుందో లేదో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

వేదిక మీద ఎవరో ప్రసంగం చేస్తుండగా నాన్న పుస్తకం తిరగేస్తూ ఒక చోట ఆగిపోయారు. కళ్ళజోడు పైకి తోసుకుని, పేజీ నా వైపు తిప్పారు. గంట తాడు పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్న పన్నెండేళ్ళ నేను.

"చూశావా, ఎంత హాయిగా నవ్వుతున్నావో! ముందే చెప్పి ఉంటే ఈ నవ్వు ఉండేదట్రా?"

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం? ఆయన మీదుగా వంగి, అటుపక్క కూర్చున్న అమ్మని, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగని మాట అడిగాను.

"అమ్మమ్మ నా కోసం అడిగిందా అమ్మా?"

అమ్మ ఫోటో వైపు చూడలేదు. చేతిసంచీ జిప్పు తీసి, వేసి, మళ్ళీ తీసింది.

"అడగకుండా ఉంటదా? రోజూ అడిగేది. బళ్ళోవాళ్ళు పంపించట్లేదని చెప్పేవాళ్ళం. నిజమనుకునే పోయింది."